డీజిలు అడగబోయి వాటా అడిగొచ్చాం

ఢిల్లీ వెళ్ళొచ్చామని తెలియగానే మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న: ఎర్రకోట చూశారా, ఇండియా గేటు చూశారా అని. ఎర్రకోట చూడలేదు. ఇండియా గేటు బస్సు కిటికీలోంచి కనిపించింది, అదీ ముందు సీటాయన తల అడ్డొచ్చి సగమే. మేం చూసిన ఢిల్లీ వేరు. ఆటోలు గ్యాసు కోసం బారులు తీరిన ఢిల్లీ, కొట్టుకో జనరేటరు డబడబలాడే ఢిల్లీ, జూన్ నెలలో ఆఫీసు లోపల స్వెట్టరు వేసుకునే ఢిల్లీ. దాన్ని చూడటానికి ఎవరూ టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళరు కాబట్టి, వెళ్ళొచ్చినదాన్ని నేనే చెబుతాను.

నేను కాకినాడలో ఒక ప్రభుత్వ బడిలో హిందీ పంతులమ్మని. పుట్టింది వేట మీద బతికే ఇంట్లో. మా అన్నయ్య నూకరాజుకు ఒక మరపడవ ఉంది. దాని పేరు నూకాలమ్మ. కొన్నేళ్ళ కిందట తుఫానులో రేవున కట్టిన పడవలు ఒకదాన్నొకటి గుద్దుకుని విరిగినప్పుడు నూకాలమ్మ కూడా ముక్కలైంది. మావాళ్ళలో ఒక పద్ధతి ఉంది. విరిగిన పడవలోంచి చెడిపోని చెక్క ఒకటి తీసి కొత్తగా కట్టే పడవ అడుగున బిగిస్తారు. ఆ చెక్క పడ్డాక అది కొత్త పడవ కాదు, పాతదే లేచి నిలబడినట్టు లెక్క. ఇంజనూ పాతదే, పేరూ పాతదే. కాగితాల్లో మాత్రం అది కొత్త పడవ అయిపోయింది. ఫలానా తేదీ తర్వాత కట్టిన పడవలకు రాయితీ డీజిలు ఇవ్వరట. జిల్లా ఆఫీసువాళ్ళు హైదరాబాదు వెళ్ళమన్నారు, హైదరాబాదువాళ్ళు ఇది ఢిల్లీలో తేలాలన్నారు.

అది రెండు వేల ఎనిమిది జూన్. వేట నిషేధం ముగిసి పడవలు సముద్రంలోకి దిగుతున్న వారమే డీజిలు మీద లీటరుకు మూడు రూపాయలు పెంచారు. మా బోట్ల మీద జీతగాళ్ళు ఉండరు. పడవ నడిపే సరంగు దగ్గర్నుంచి వల లాగే కళాసీ దాకా అందరికీ వాటాలే. చేపలు అమ్మిన సొమ్ములో ముందు డీజిలు, ఐసు ఖర్చు తీసేస్తారు. మిగిలింది బోటుకింత, వలకింత, మనిషికింత, ఊరికింత అని పంచుకుంటారు. డీజిలు పెరిగితే పంచుకోవడానికి ఏమీ మిగలదు. ఈసారి రాయితీ రాకపోతే ఇంజను ఊడదీసి అమ్మేస్తానని అన్నయ్య తేల్చి చెప్పాడు. పడవ లేని అన్నయ్యను నేను ఊహించుకోలేను. ఒడ్డున రెండు రోజులుంటే ఇంటిల్లిపాదితోనూ తగువు పెట్టుకునే మనిషి. హిందీ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి అతని వెంట బయల్దేరాను.

రైల్లో రొయ్యల సంచి

పెద్దమనుషుల దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళకూడదన్నది మావాళ్ళ మర్యాద. తాసిల్దారుకైనా డాక్టరుకైనా వేటలో పడ్డవాటిలో మంచివి ఏరి ఇచ్చాకే నోరు విప్పుతారు. ఢిల్లీ దాకా పచ్చిచేప మోసుకెళ్ళలేం కనుక వదిన ఎండు రొయ్యలు ఒక గుడ్డసంచి నిండా పోసి, దానిమీద మరో సంచి తొడిగి ఇచ్చింది. సంచులు ఎన్ని తొడిగినా ఎండు రొయ్య తన సంగతి తాను చెప్పుకుంటూనే ఉంటుంది. నాగపూరు దాటేసరికి మా ఎదురు బెర్తులవాళ్ళు వేరే చోట్లు వెతుక్కున్నారు.

ఒకాయన మాత్రం కదల్లేదు. శ్రీకాకుళం వైపు జవాను, సెలవు ముగించుకుని ఢిల్లీ కంటోన్మెంటుకు తిరిగి వెళ్తున్నాడు.

“ఏటండీ, మా అమ్మ వొంటిల్లు సంచిలో ఎట్టుకొచ్చేసినారా?” అన్నాడు.

అన్నయ్య సంబరపడిపోయి గుప్పెడు తీసి ఇచ్చాడు. రైల్లో అమ్మిన చప్పటి పప్పన్నంలో వాటిని నంజుకుని తిన్నాడా జవాను. మా పని విన్నాక ఒక సలహా చెప్పాడు.

“ఢిల్లీ ఆఫీసుల్లో నిలబెట్టి తిట్టినారంటే భయపడకండి, పనవుద్ది. కూకోబెట్టి టీ ఇచ్చినారంటే మాత్రం ఆశ ఒదిలేసుకోండి.”

అన్నయ్య పగలబడి నవ్వాడు. నాకెందుకో ఆ మాట నచ్చలేదు.

ఆర్.కె. పురం

మేం దిగింది రూతు ఇంట్లో. రూతు మా వీధి పిల్లే, నాతో కలిసి చదువుకుంది. ఇప్పుడు ఢిల్లీలో ఒక ప్రభుత్వాసుపత్రిలో నర్సు. భర్త సైన్యంలో పనిచేస్తూ సరిహద్దులో ఉంటాడు. క్వార్టర్సులో రెండు గదుల ఇల్లు, గోడ మీద చర్చి క్యాలెండరు, వాకిట్లో తొట్టిలో గోంగూర. వాళ్ళమ్మాయి షెరిన్ కాలేజీలో చదువుతోంది. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది.

“బావున్నావా తల్లీ?” అంటే, “ఠీక్ హూఁ అంకుల్” అంటుంది. అన్నయ్య నా వైపు తిరిగి, “ఏటంటందే?” అని అడుగుతాడు. నేను తెలుగులోకి మారుస్తాను. నా దుబాసీ ఉద్యోగం ఆ ఇంట్లోనే మొదలైంది.

సాయంత్రం రూతు మా సంచిలోంచి గుప్పెడు తీసి గోంగూరలో వేసింది. చుట్టుపక్కల కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పొద్దున్నే పైఅంతస్తు మూర్తి అంకుల్ పేపరు కోసమని దిగి వచ్చారు. ఢిల్లీలో చుట్టరికాలన్నీ అంకుల్, ఆంటీల్లో కలిసిపోతాయి. నాకంటే ఓ పదేళ్ళే పెద్దయినా నేనూ అంకుల్ అనే అన్నాను. ఆయన సెక్రటేరియట్లో ఏదో మంచి హోదాలో ఉన్నారు. మేం వచ్చిన పని విని, తల అడ్డంగా ఊపారు.

“చూడమ్మా, ఈ సబ్సిడీలే దేశాన్ని తినేస్తున్నాయి. ఆయిల్ కంపెనీలు ఎంత నష్టానికి అమ్ముతున్నాయో తెలుసా? ఎవరి ఖర్చు వాళ్ళు భరించడం నేర్చుకోవాలి.”

ఆయన చేతిలోని పేపరులో మొదటి పేజీ అదే చెబుతోంది. డీజిలు అమ్మే కంపెనీలు నష్టాల్లో మునిగిపోతున్నాయట. అదే పేపరు లోపల, భూమిలోంచి చమురు తోడే కంపెనీ ఒకటి తన లాభాలను పేజీ నిండా రంగుల్లో వేయించుకుంది. నాకు ఊరుకోవడం చేతకాదు.

“అంకుల్, మీ ఇంట్లో గ్యాసు బండకు పూర్తి ధర కడుతున్నారా?”

“అది వేరమ్మా. మధ్యతరగతి వాళ్ళకు ఆమాత్రం ఉండాలి కదా.”

“కింద మీ ఆఫీసు కారు ఇందాకట్నుంచి ఇంజను ఆపకుండా ఆగి ఉంది. అందులో పోసేది ఏ తరగతి డీజిలు?”

“డ్రైవరు ఏసీ వేసి ఉంచాడు, ఎండ కదా,” అన్నారు ఆయన, నవ్వాలో కోప్పడాలో తెలియక. పేపరు తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన మెట్లెక్కాక రూతు నన్ను బాగా తిట్టింది. “నువ్వు నాలుగు రోజులుండి పోతావే, నేనిక్కడే బతకాలి” అంది. నిజమే, కానీ అన్న మాట వెనక్కి తీసుకోవాలని నాకు అనిపించలేదు.

గ్యాసు క్యూలో

ఢిల్లీ ఆటోలూ బస్సులూ గ్యాసుతో నడుస్తాయి. మన ఆటోల పొగ ఇక్కడ లేదు, ఆ మాట మెచ్చుకునే చెప్పాలి. మెచ్చుకోలు పూర్తయ్యేలోగా మా ఆటో గ్యాసు బంకు ముందు క్యూలో ఇరుక్కుంది. ముందూ వెనకా ఆకుపచ్చ ఆటోలు, పైన నిప్పులు కురిసే ఎండ. డ్రైవరు బీహారు మనిషి, తలకు తడిగుడ్డ చుట్టుకున్నాడు. ఎంతసేపు పడుతుందని నేను నా పాఠ్యపుస్తకాల హిందీలో, “మహోదయ్, కితనా విలంబ్ హోగా?” అని అడిగాను. అతను వెనక్కి తిరిగి నన్ను వింతగా చూశాడు.

“దీదీ, మీరు రేడియోలో వార్తలు చదువుతారా?”

నా పాతికేళ్ళ హిందీ చదువు అక్కడే వెలవెలబోయింది. అన్నయ్యకు భాష తెలియకపోయినా, చెల్లెలికి పరాభవం జరిగిందని మాత్రం అర్థమై మురిసిపోయాడు.

కాలక్షేపానికి డ్రైవరు మా గురించి అడిగాడు. సముద్రం మీద పని అని చెబితే ఆశ్చర్యపోయాడు. సముద్రం చూడలేదట. మా తీరానికి అవతల, నీళ్ళ మధ్య ఇనప మేడలు కట్టి చమురూ గ్యాసూ తోడుతున్నారనీ, వాటి మీద రాత్రీ పగలూ మంట వెలుగుతూనే ఉంటుందనీ అన్నయ్య చెప్పమన్నాడు, చెప్పాను.

“నీళ్ళ మీద మంటా?” అన్నాడు డ్రైవరు. తర్వాత మనస్ఫూర్తిగా అడిగాడు. “మరి మీ ఊళ్ళో గ్యాసు ఉచితమే కదా దీదీ?”

ఆ ప్రశ్న తెలుగులో చెప్పగానే అన్నయ్య పొలమారేదాకా నవ్వాడు. డ్రైవరు కంగారుపడి తన నీళ్ళ సీసా అందించాడు. దిగేటప్పుడు మీటరు మీద ఇరవై ఎక్కువ అడిగితే, బేరమాడకుండా ఇచ్చేశాడు. మా అన్నయ్య బేరమాడకపోవడం నేను అప్పుడే చూశాను.

ఫైలు ఉన్న మేడ

ఏ మంత్రిత్వ శాఖో పేరు చెప్పను. గేటు దగ్గర బ్యాగులన్నీ ఒక యంత్రంలోకి తోస్తున్నారు. మా సంచి కూడా అందులోకి వెళ్ళి వచ్చింది. దాని వెనకే వచ్చిన తోలు బ్యాగును దాని యజమాని రెండు మూడుసార్లు వాసన చూసుకున్నాడు. గార్డు ముక్కు మూసుకుని, సంచి బయట పారేసి రమ్మన్నాడు.

“పారెయ్యమంటన్నాడా? పెద్దమనిసి కాడికి ఉత్త సేతుల్తో ఎల్తామా? సంచి రాకపోతే నేనూ రానని సెప్పు,” అన్నాడు అన్నయ్య. చెప్పి ఊరుకోలేదు, సంచి ఒళ్ళో పెట్టుకుని ఆ చలవరాతి నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. లేవమని బతిమాలాను, లేవలేదు. తలుపులన్నీ మూసి చల్లబరిచిన హాలు అది. వాసన బయటికి పోయే దారి లేదు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు రుమాళ్ళు తీశారు. ఎన్నాళ్ళబట్టో చీటీ పంపి ఎదురుచూస్తున్నానని చెప్పిన ఒక పెద్దాయన లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. చివరికి ఆ గార్డే ఫోనెత్తి, ఈ ఆంధ్రావాళ్ళను ముందు పైకి పిలిపించుకోండి సార్ అని మొరపెట్టుకున్నాడు. అలా మా చీటీ అందరికంటే ముందు పలికింది. చూశావా అన్నట్టు అన్నయ్య మీసం దువ్వుకున్నాడు.

ఆఫీసరు బెంగాలీ ఆయన. ఆ వాసనకు మొహం చిట్లించని మొదటి ఢిల్లీ మనిషి. పైగా ఒకసారి గట్టిగా పీల్చి నవ్వారు. మమ్మల్ని కూర్చోమన్నారు. ఇంతలో తెల్లకప్పుల్లో టీ వచ్చింది. నన్ను సత్తే అని పిలిచే అన్నయ్య నా చెవిలో, “సచ్చాం గదే సత్తే, టీ ఇచ్చేత్తన్నాడు,” అన్నాడు.

జవాను మాట తప్పలేదు. ఆఫీసరు ఫైలు తెప్పించి, ఓపిగ్గా అంతా విని, ఫలానా తేదీ తర్వాత రిజిస్టరైన పడవ కొత్త పడవ కిందికే వస్తుందన్నారు. చెక్క సంగతి చెప్పాను. ఇంజను సంగతి చెప్పాను. ఆయన ఆసక్తిగా విన్నారు గానీ తల మాత్రం అడ్డంగానే ఊపారు. అప్పుడు అన్నయ్య నన్ను పక్కకు నెట్టి, ఆఫీసరు మొహంలోకి చూస్తూ తెలుగులోనే మాట్లాడాడు.

“అయ్యా, తవరి సెయ్యి ఇరిగిందనుకోండి. కట్టు కట్టించుకున్నారు, బాగైంది. ఆ మర్నాడు తవరు ఇంటికెల్తే మీ ఇంటోళ్ళు కొత్త మనిసొచ్చాడని తలుపేసుకుంటారా?”

తు.చ. తప్పకుండా హిందీలో చెప్పాను. ఆయన పెద్దగా నవ్వారు. మీరన్నది నాకు అర్థమైంది, నిబంధనకు అర్థం కాదు అన్నారు. దరఖాస్తు పరిశీలనలో ఉంచుతామన్నారు. మంచి మనిషే, ఒప్పుకుంటాను. కానీ మంచి మనిషి చేతుల్లో కూడా మా పడవ అక్కడే ఆగిపోయిందని నాకు కడుపు మండింది. రొయ్యలు తీసుకోమంటే దానికీ నిబంధన ఒప్పుకోదన్నారు.

బయల్దేరుతుంటే ఆయనే వెనక్కి పిలిచారు. మా తీరంలో చమురు తీసే కంపెనీవాళ్ళ ఆఫీసు గుర్‌గావ్‌లో ఉందట, మత్స్యకారులకు ఏదో ఉపాధి చూపిస్తున్నారట. మర్నాడు వెళ్ళి కలవమని, మా ముందే ఫోను చేసి చెప్పారు.

సరోజినీ నగర్

ఆ సాయంత్రం రూతు మమ్మల్ని సరోజినీ నగర్ బజారుకు తీసుకెళ్ళింది. బట్టలు గుట్టలుగా పోసి, యాభైకి ఒకటి, వందకు మూడు అని అరుస్తున్నారు. మన బజార్లలో కొట్టువాడు చెప్పిన ధరలో పావు వంతు తగ్గిస్తే గొప్ప. ఇక్కడ సగానికి సగం అడగకపోతే వెర్రివాళ్ళ కింద జమకడతారు. రూతు “భయ్యా, సహీ లగావో”, సరైన ధర చెప్పు అంటూ రెండు చొక్కాలు తీసుకుంది. అన్నయ్య తనకేమీ వద్దన్నాడు.

ఇంతలో కరెంటు పోయింది. పోయిన మరుక్షణం ప్రతి కొట్టు ముందూ చిన్న జనరేటరు మొదలైంది. బజారంతా మళ్ళీ వెలిగింది, మాట మాత్రం వినపడదు. పొగలో నాకు బాగా తెలిసిన వాసన ఒకటి తగిలింది. కిరోసిను. పేదింట్లో దీపం కోసమని, స్టవ్వు కోసమని ప్రభుత్వం తక్కువ ధరకు ఇచ్చే కిరోసిను. మా అమ్మ దానికోసం డబ్బా పట్టుకుని రేషను షాపు ముందు నిలబడిన రోజులు నాకు గుర్తున్నాయి.

“ఇది రేషను నూనె కాదూ?” అన్నాను రూతుతో.

“అందరికీ తెలుసే. ఎవరూ అడగరు,” అంది రూతు.

ఆ వెలుగులో జరీ దుపట్టాలు భలే మెరుస్తున్నాయి. ఒకటి కొందామనుకుని, చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. రాయితీ అని మూర్తి అంకుల్ ఈసడించిన మాట గుర్తొచ్చి ఒళ్ళు మండింది. కొట్టువాడి దీపానికీ, ఆయన కారుకూ పోతే అది అలవాటు. మా పడవకు పోతేనే దేశానికి బరువు.

గుర్‌గావ్ అద్దాల మేడ

గుర్‌గావ్ దారిలో టోలు గేటు దగ్గర కార్లు ఏరులా ఆగిపోయాయి. ఒక్కో కారులో ఒక్కో మనిషి. గదంత పెద్ద డీజిలు కార్లు, అద్దాలు బిగించుకుని ఇంజన్లు ఆపకుండా నిలబడ్డాయి. బస్సు కిటికీలోంచి అన్నయ్య వాటిని చూస్తూ, “ఈళ్ళకి పోసే డీజిలు దరా మనకి పోసేదీ ఒకటేనా?” అని అడిగాడు. ఒకటేనన్నాను. వాళ్ళకు పడవ కొత్తదా పాతదా అని ఎవరూ అడగరు కూడా.

కంపెనీ ఉన్న మేడ నిండా అద్దాలే. వెనకవైపు లారీ అంత జనరేటరు గుమ్మంటూ తిరుగుతోంది. ఆ వీధిలో పొద్దుట్నుంచీ కరెంటు లేదట. లోపల మాత్రం చలి పుట్టేంత చల్లదనం. పలుచటి స్వెట్టరు వేసుకున్న యువకుడొకడు ఎదురొచ్చి మమ్మల్ని ఒక గదిలో కూర్చోబెట్టాడు. పేరు వివేక్, మేనేజరు. పద్ధతైన పిల్లవాడు. కాఫీ తెప్పించాడు. కాఫీని చూసి అన్నయ్య నా కాలు తొక్కాడు.

గోడ మీద మా తీరం పటం ఉంది. అన్నయ్యకు ఇంగ్లీషు రాదు, కానీ ఒడ్డు వంపులు చూసి గుర్తుపట్టేశాడు. నీలంరంగు మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ ఎర్రటి గీతతో గుండ్రం. ఆ గుండ్రం మీద వేలు పెట్టాడు.

“ఇది నాన్న వలేసే సోటే సత్తే. ఆ మేడ కాళ్ళ సుట్టూ సేప గుంపులు కడతాది ఇప్పుడు. అందుకే మనోళ్ళు అటేపు ఎల్తారు, ఈళ్ళు తరుముతారు.”

వివేక్ విషయానికొచ్చాడు. ఆ ఎర్ర గీత దాటి పడవలు రాకుండా చూడటానికి కంపెనీకి స్థానిక బోట్లు కావాలి. నూకాలమ్మను నెలవారీ కిరాయికి తీసుకుంటారు. అతను చెప్పిన కిరాయి, మంచి కాలంలో వేటకెళ్ళినా మిగలనంత. డీజిలు మొత్తం కంపెనీదే. పడవ ఎంత తాగితే అంత పోస్తారు. గీత దగ్గరికొచ్చిన పడవలను వెనక్కి పంపడమే పని.

“ఆ పడవలు మావాళ్ళవే కదా,” అన్నాను.

“అందుకే మీవాళ్ళయితే మంచిది మేడమ్. మీ మాట వింటారు. గొడవ ఉండదు,” అన్నాడు.

మాటకు మాటా తెలుగులోకి మార్చాను. అన్నయ్య చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని పటం వైపే చూస్తున్నాడు. నాకు భయమేసింది. ఒప్పుకుంటే ఇంజను దక్కుతుంది, పడవ నీళ్ళ మీద ఉంటుంది, వదిన కళ్ళు తుడుచుకుంటుంది. ఒప్పుకోమని నా మనసులో సగం అంది. మిగతా సగం, ఆ గీత దగ్గర మావాళ్ళ పడవలకు ఎదురుగా నిలబడిన అన్నయ్యను చూడలేక ముడుచుకుపోయింది.

అన్నయ్య నా వైపు తిరిగాడు.

“వాటా ఎంతో అడుగు.”

“వాటా ఏంటన్నయ్యా? కిరాయి ఇస్తామంటున్నారు.”

“కిరాయి ఎవడిక్కావాలే? సముద్రం మీద పన్జేసేవోడు కిరాయికి సేత్తాడా? మనం కూడా ఆ పన్లో దిగుతున్నాం గదా. తీసే ఆయిల్లో నూకాలమ్మకెంత వాటానో అడుగు.”

నాకు సిగ్గేసింది. ఈ చల్లని గదిలో, ఈ కాఫీ కప్పుల ముందు చమురులో వాటా అడగాలా? కానీ అన్నయ్య నవ్వులాటకు అనలేదు. అతనికి తెలిసిన లోకంలో సముద్రం మీద జరిగే పని అలాగే ఉంటుంది. అడిగాను.

వివేక్ నవ్వేశాడు. పక్క కుర్చీలోని ఇంకొకాయన కూడా నవ్వాడు. అన్నయ్య నవ్వలేదు. ఆ నవ్వు చూశాక నా సిగ్గు ఎటు పోయిందో పోయింది. తరగతిలో వెనక బెంచీవాళ్ళను లేపి నిలబెట్టే గొంతుతో మళ్ళీ అడిగాను. “ఇందులో నవ్వడానికేముంది? చెప్పండి. తీసిన చమురును ఎలా పంచుకుంటారు?”

వివేక్ సర్దుకుని, నిజాయితీగానే చెప్పాడు. ముందు కంపెనీ తన ఖర్చులు తీసేసుకుంటుంది. మిగిలింది కంపెనీ, ప్రభుత్వం ఒప్పందం ప్రకారం పంచుకుంటాయి. 

ఇది తెలుగులో చెబుతుండగానే అన్నయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మొహంలో ఎంత వెలుగంటే, పటం మీద నాన్న చోటు దొరికినప్పుడు కూడా అంత లేదు.

“అదే గదే మన పద్దతి! ముందు కర్సు తీసెయ్యడం, మిగిల్నాది వాటాలెయ్యడం. కంపినీకి ఒక వాటా, గవర్మెంటుకొక వాటా. మరి ఊరి వాటా ఏదని అడుగు!”

అడిగాను. గదిలో ఎవరూ నవ్వలేదు.

“చమురు ఏ ఊరిదీ కాదు మేడమ్, అది దేశం సొత్తు,” అన్నాడు వివేక్.

“మా ఊరు దేశంలో లేదా?” ఈ మాట అన్నయ్యది కాదు, నాదే.

“మీలాంటివాళ్ళ కోసమే కదా ఈ పథకాలు.”

“పథకం అంటే మా పడవతో మమ్మల్నే తరమడమా?” అన్నాను. పాపం, దానికి జవాబు చెప్పడం అతని జీతంలో భాగం కాదు.

అన్నయ్య సంచి తీసి బల్ల మీద, కాఫీ కప్పుల మధ్య పెట్టాడు. మూతి విప్పాడు కూడా.

“మా సముద్రంలోది ఈళ్ళకి ఇత్తన్నానని సెప్పు. ఇది ఈళ్ళ వాటా. మా వాటా ఇచ్చినరోజు నూకాలమ్మ గురించి మాట్లాడదారి. మా వోళ్ళకి అడ్డం నిలబడ్డానికి మాత్రం నా బోటు రాదు.”

అంతా చెప్పాను. నా పుస్తకాల హిందీ ఆ రోజు ఎక్కడా తడబడలేదు. మేం లిఫ్టు దాకా వెళ్ళేసరికే ఆ అంతస్తులో వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. బయట ఎండ, జనరేటరు పొగ, లాగి కొట్టినట్టు వేడిగాలి. అన్నయ్య బండి మీద శనగల కూరా రొట్టే, అదే చోలే కుల్చా, తిందామన్నాడు. పది రూపాయలకు ప్లేటు. మన పప్పుచారు కాలి గోటికి రాదని తిట్టుకుంటూనే రెండు ప్లేట్లు తిన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మా రేవు

తిరుగు రైల్లో అన్నయ్యను తప్పు చేశాననుకుంటున్నావా అని ఒకసారి అడిగాను. “ఇంజను అమ్ముకున్నోడికి పిల్లలు అన్నం ఎట్టగలరే. కాపలా కాసినోడు రేవులో ఎవడి మొకం సూత్తాడు?” అని అటు తిరిగి పడుకున్నాడు.

మా వీధిలో దిగేసరికి సరంగూ కళాసీలూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఏం తెచ్చావని అడిగారు. అన్నయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. రాయితీ రాలేదనీ, కంపెనీ ఇంత కిరాయి ఇస్తానందనీ, వద్దని వచ్చాననీ. కిరాయి విని ఒకరిద్దరు గుటకలు మింగారు, దాచడమెందుకు. ఊరి వాటా అడిగిన సంగతి చెప్పినప్పుడు మాత్రం అరుగంతా ఈలలు వేసింది. చివరికి సరంగు తేల్చాడు. ఈ సీజనుకు బోటు వాటాలో అన్నయ్య కొంత వదులుకోవాలి, మనిషి వాటాలో తాము కొంత వదులుకుంటారు. పూర్తి ధరకు డీజిలు పోసి నూకాలమ్మను దింపుదాం అన్నాడు. ఇది ఎన్నాళ్ళు సాగుతుందో నాకు తెలియదు. డీజిలు మళ్ళీ పెరిగితే ఆగిపోవచ్చు. మా దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది. కానీ ఆ వారమే పడవ దిగింది.

మొన్న నేను స్టాఫ్‌రూములో ఉండగా గుర్‌గావ్ నుంచి వివేక్ ఫోను చేశాడు. కిరాయి ఇంకా పెంచుతామన్నాడు. నూకరాజుగారితో ఒక్కసారి మాట్లాడించమన్నాడు.

“ఆయన ఇంట్లో లేరు,” అన్నాను.

“ఎక్కడ దొరుకుతారు మేడమ్?”

“మీరు గీసిన గీత మీద. వల వేస్తున్నారు.”